సూది పడిపోతే ఇంజన్ పోయినట్టేనా?

పాత అంబాసిడర్ ఆయిల్ ప్రెషర్ మీటరు నేర్పిన ఇంటర్వ్యూ పాఠం

‘‘ఇంజన్ ఐడిల్‌లో నడుస్తోంది. ఆయిల్ ప్రెషర్ మీటరు 12 పీఎస్‌ఐ చూపిస్తోంది. ఇది మంచిదా, చెడ్డదా?’’

ఒక్క నిమిషం ఆగండి. కింది లైను చదవకముందే మీ జవాబేంటో మనసులో అనుకోండి.

ఏడేళ్ల కిందట, బీటెక్ మెకానికల్ ఫైనలియర్‌లో ఉండగా ఒక ఇంటర్వ్యూలో నన్నడిగిన ప్రశ్న ఇది. నేను ఏమాత్రం తడుముకోకుండా చెప్పేశా. ‘‘తక్కువ సార్. పంపు పాడై ఉంటుంది, మార్చాలి’’ అని. ఎదురుగా కూర్చున్న పెద్దాయన నవ్వలేదు, విసుక్కోలేదు. ‘‘ఇంజన్ చల్లగా ఉందా, వేడిగా ఉందా అని నన్నెందుకు అడగలేదు బాబూ?’’ అన్నారంతే. రెండో రౌండు జాబితాలో నా పేరు లేదు.

మీరు కూడా ‘మంచిది’ అనో ‘చెడ్డది’ అనో అనుకుని ఉంటే, నేను పడిన గోతిలోనే పడ్డారన్నమాట. కంగారేం లేదు. అందులోంచి ఎలా బయటపడ్డానో చెబుతా. దానికి మా ఊరు ఈపురుపాలెం రావాలి, మా పెదనాన్న అంబాసిడర్ కారు బానెట్ ఎత్తాలి.

పెదనాన్న కారు, మిస్త్రీ తీర్పు

మాది చీరాలకు, బాపట్లకు మధ్య 216 నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. పెదనాన్న దగ్గర 1983 మోడల్ పెట్రోలు అంబాసిడర్ ఉంది. ఒకప్పుడు పెళ్లిళ్లకూ, సూర్యలంక బీచికీ, బాపట్ల స్టేషనుకూ అద్దెకు తిప్పిన బండి. తర్వాత అద్దెలు పోయినా బండిని మాత్రం అమ్ముకోలేదు. డాష్‌బోర్డు కింద ఆయనే ఎప్పుడో బిగించుకున్న ఎలక్ట్రికల్ ఆయిల్ ప్రెషర్ మీటరు ఉండేది. సున్నా నుంచి వంద పీఎస్‌ఐ దాకా అంకెలు.

ఆ ఇంటర్వ్యూ అయిపోయి ఇంటికొచ్చిన వారానికే ఆ సూది కిందికి దిగడం మొదలైంది. బాపట్ల వెళ్లొచ్చి ఇంటి ముందు ఆపితే 5 దగ్గర కొట్టుకుంటోంది. షెడ్డుకు తీసుకెళ్తే మిస్త్రీ ఒక్క చూపు చూసి తేల్చేశాడు. ‘‘ఇంజన్ దించాలి, బోరు కొట్టించాలి, పిస్టన్లు మార్చాలి. యాభై వేల పైమాటే.’’ పెదనాన్న ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. ‘‘ఏరా, ఇంజనీరింగు చదివావుగా. ఇంత డబ్బు పెట్టాలా, పాత ఇనుముకి ఇచ్చేయాలా?’’ అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు తెలియలేదు. ఆయిల్ పంపు బొమ్మ పరీక్షలో వేసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే. సూది ఏం చెబుతోందో మాత్రం తెలియలేదు. అప్పుడు కూర్చుని మొదటి నుంచి నేర్చుకున్నదే మీకు చెబుతున్నా.

ప్రెషర్ పంపులో పుట్టదు

చాలామంది అనుకునేది, నేనూ అనుకున్నది ఒకటే: ఆయిల్ పంపు ప్రెషర్ తయారుచేస్తుందని. అది నిజం కాదు. పంపు ఆయిల్‌ను నెడుతుంది, అంతే. ఆ ఆయిల్‌కు ముందు దారి ఇరుకుగా ఉంటే ప్రెషర్ పుడుతుంది.

మా వైపు ఇసుక నేలల్లో ఫిల్టర్ పాయింటు వేసి, మోటారుకు పైపు తగిలించి తోటలకు నీళ్లు పెడతారు. పైపు చివర వదిలేస్తే నీళ్లు కాళ్ల దగ్గరే పడతాయి. వేలు అడ్డం పెడితే ధార పది గజాలు పోతుంది. మోటారు మారలేదు, దారి ఇరుకైంది. అదే పైపుకు మధ్యలో నాలుగు చిల్లులు పడ్డాయనుకోండి, చివర వేలు పెట్టినా ధార అంత దూరం పోదు. మోటారు మీద కోపం తెచ్చుకుని లాభం ఉంటుందా?

ఇంజన్‌లోనూ ఇదే లెక్క. అడుగున ఉన్న ఛాంబరులోంచి జాలీ గుండా పంపు ఆయిల్ లాగుతుంది. అక్కడి నుంచి ఫిల్టరుకూ, మెయిన్ గ్యాలరీ అనే పెద్ద దారికీ, మెయిన్ బేరింగులకూ వెళ్తుంది. క్రాంక్ షాఫ్టులో తొలిచిన సన్నటి రంధ్రాల గుండా బిగ్ ఎండ్ బేరింగులకు చేరుతుంది. మరో దారిలో క్యామ్ షాఫ్టుకూ, పైన రాకర్ షాఫ్టుకూ పోతుంది. మీటరు చూపించేది సాధారణంగా ఆ గ్యాలరీలో ఉన్న ఒత్తిడి. షాఫ్టుకూ బేరింగుకూ మధ్య ఉండే సందే ‘పైపు చివర వేలు’. ఆ సందు ఎంతనుకున్నారు? అంబాసిడర్ లాంటి ఇంజన్‌లో మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, అటూ ఇటుగా. మన వెంట్రుక మందం ఉంటే ఎక్కువ.

ఇక్కడే ఇంటర్వ్యూకు పనికొచ్చే అసలు ముక్క ఉంది. అంత సన్నటి సందులో ద్రవం కారే మోతాదు ఆ సందు మందానికి ఘనంలో పెరుగుతుంది. అంటే బేరింగు అరిగి సందు రెట్టింపైతే, అదే ఆయిల్‌తో, అదే ప్రెషర్ దగ్గర, కారిపోయే ఆయిల్ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు. అందుకే కొద్దిపాటి అరుగుదలకే సూది అంత కిందికి పడుతుంది.

మరో సంగతి. షాఫ్టును మోసేది ఈ పంపు ప్రెషర్ కాదు. షాఫ్టు తిరుగుతుంటే దానికింద ఆయిల్ చీలలా దూరి తనంతట తానే ఒక పొర కడుతుంది. ఆ పొరలో పుట్టే ఒత్తిడి, మీటరులో కనిపించే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పంపు పని ఆ పొరకు ఆయిల్ అందేలా చూడటమే. డిజైన్ పేపర్లో మీరు బట్టీపట్టిన జర్నల్ బేరింగు, పెట్రాఫ్ సమీకరణం, సోమర్‌ఫీల్డ్ సంఖ్య మాట్లాడేది ఈ పొర గురించే. ఇకనుంచి ఆ చాప్టరు తెరిచినప్పుడు ఒక అంబాసిడర్‌ను గుర్తు తెచ్చుకోండి.

ఒక అంకె, మూడు ప్రశ్నలు

ఇప్పుడు ఇంటర్వ్యూ ప్రశ్నకు వద్దాం. 12 పీఎస్‌ఐ మంచిదా, చెడ్డదా? జవాబు చెప్పకముందు మీరు అడగాల్సినవి మూడు.

మొదటిది: ఇంజన్ వేడి ఎంత? చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది. సందుల్లోంచి అంత తొందరగా కారదు, సూది పైకి ఉంటుంది. అదే ఆయిల్ ఇంజన్ బాగా వేడెక్కాక నీళ్లలా పల్చబడుతుంది, సూది దిగుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కనిపించే 50, 60 చూసి ‘మన బండి బ్రహ్మాండం’ అనుకోవడం పొరపాటు. అసలు పరీక్ష వేడెక్కాకే.

రెండోది: ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోంది? పంపు ఇంజన్‌తోపాటే తిరుగుతుంది. ఐడిల్‌లో తక్కువ ఆయిల్ నెడుతుంది, వేగం పెరిగితే ఎక్కువ. కాబట్టి వేడి ఇంజన్ ఐడిల్‌లో చూపే అంకెనూ, రోడ్డు మీద చూపే అంకెనూ పోల్చకూడదు.

మూడోది: ఆ ఇంజన్‌కు తయారీదారు చెప్పిన అంకె ఎంత? అంబాసిడర్ చాలా ఏళ్లు మోసింది 1489 సీసీ ఇంజన్‌ను. అది బ్రిటన్‌లో పుట్టిన బీఎంసీ బి-సిరీస్ కుటుంబం. ఆ కుటుంబంలోనే పెద్దదైన 1798 సీసీ ఇంజన్ ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారులో వచ్చేది. దాని మాన్యువల్ ప్రకారం నడుస్తున్నప్పుడు 50 నుంచి 80 పీఎస్‌ఐ, ఐడిల్‌లో 10 నుంచి 25 పీఎస్‌ఐ మామూలు. అంటే అలాంటి ఇంజన్ బాగా వేడెక్కి ఐడిల్‌లో 12 చూపిస్తే, అది పరిధిలోనే ఉన్నట్టు. అదే ఇంజన్ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు 12 చూపిస్తే? లేదా వేడిగా ఉండి రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు 12 చూపిస్తే? అప్పుడు ఆపేయాల్సిందే.

‘ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కు 10 పీఎస్‌ఐ ఉండాలి’ అని ఒక లెక్క గ్యారేజీల్లో వినిపిస్తుంది. గుర్తు పెట్టుకోవడానికి బాగుంటుంది, కానీ అది చట్టం కాదు. మీ ఇంజన్ మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క. యూనిట్లు కూడా సరిచూసుకోండి: 1 బార్ అంటే దాదాపు 14.5 పీఎస్‌ఐ, చదరపు సెంటీమీటరుకు 1 కేజీ అంటే దాదాపు 14.2 పీఎస్‌ఐ, 100 కిలోపాస్కల్స్ అంటే 1 బార్. 3 అని చూసి కంగారుపడ్డ మీటరు బార్లలో ఉండొచ్చు!

నేను చేసిన తెలివితక్కువ పని

ఇవన్నీ ఒక్కరోజులో రాలేదు. మొదట నేనూ అడ్డదారి తొక్కాను.

పంపు దగ్గర ప్రెషర్ మరీ పెరిగిపోకుండా ఒక రిలీఫ్ వాల్వు ఉంటుంది. ఒక చిన్న ప్లంజరు, దాని వెనక స్ప్రింగు. ప్రెషర్ హద్దు దాటితే ప్లంజరు వెనక్కి జరిగి, ఎక్కువైన ఆయిల్‌ను ఛాంబరులోకి వదిలేస్తుంది. బి-సిరీస్ ఇంజన్‌లో ఇది బ్లాకు పక్కన వెనకవైపు ఒక గుండు నట్టు కింద ఉంటుంది. ‘స్ప్రింగు వెనక ఒక వాషరు పెడితే ప్రెషర్ పెరుగుతుంది’ అని ఎవరో చెప్పారు. పెట్టాను. మర్నాడు పొద్దున్న స్టార్ట్ చేస్తే సూది ముందుకంటే పైకి లేచింది. పెదనాన్న భుజం తట్టాడు. నేనూ కాలరెగరేశా.

బాపట్ల వెళ్లొచ్చి ఆపితే సూది మళ్లీ 5 దగ్గరే.

ఎందుకో ఆలోచించండి. రిలీఫ్ వాల్వు తెరుచుకునేది ప్రెషర్ ఎక్కువైనప్పుడు మాత్రమే. వేడి ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ప్రెషరే లేదు, వాల్వు ఎలాగూ మూసుకునే ఉంది. మూసి ఉన్న తలుపుకు ఇంకో గొళ్లెం పెడితే ఏం లాభం? పైగా చల్లగా ఉన్నప్పుడు ఫిల్టరు మీదా, పంపు మీదా అనవసరపు బరువు పెంచాను. మర్నాడే ఆ వాషరు తీసేశా. అంకె పెంచడం వేరు, జబ్బు తగ్గించడం వేరు అని ఆ రోజు బుర్రకెక్కింది. జ్వరం ఉంటే థర్మామీటరును చన్నీళ్లలో ముంచడం లాంటి పని నేను చేసింది.

వరుసగా ఐదు మెట్లు

చీరాలలో షెడ్డు మూసేసి ఇంటి పట్టున ఉంటున్న పెద్ద వయసు మిస్త్రీ ఒకాయన ఉన్నారు. వెళ్లి కాళ్లావేళ్లా పడితే వచ్చారు. రాగానే అన్న మొదటి మాట: ‘‘ఇంజన్ సంగతి తర్వాత బాబూ. ముందు ఈ మీటరు నిజం చెబుతోందా, అబద్ధం చెబుతోందా చూద్దాం.’’ ఆయన వెళ్లిన వరుస ఇది. ఖర్చులేని పని ముందు, ఖర్చున్న పని చివర. రాసి పెట్టుకోండి.

1. డిప్‌స్టిక్: బండిని చదునైన చోట ఆపి, కొద్దిసేపయ్యాక ఆయిల్ మట్టం చూశారు. సరిగ్గా ఉంది. వేలికి రాసుకుని వాసన చూశారు. ఎందుకంటే ఇలాంటి పాత బళ్లలో పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. దాని డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఛాంబరులోకి దిగుతుంది. మట్టం పెరుగుతుంది, ఆయిల్ పల్చబడుతుంది, ప్రెషర్ పడిపోతుంది. మా బండిలో ఆ వాసన లేదు.

2. మీటరు: ఎలక్ట్రికల్ మీటరుకు కబురు పంపేది ఇంజన్ బ్లాకుకు బిగించిన సెండరు. దాన్ని విప్పి, అదే రంధ్రానికి అరువు తెచ్చిన మెకానికల్ గేజీ బిగించారు. ఇందులో కరెంటు లేదు, వైర్లు లేవు. ఆయిలే వచ్చి సూదిని తోస్తుంది.

3. నాలుగు రీడింగులు: చల్లటి ఐడిల్, చల్లటి పరుగు, వేడి ఐడిల్, వేడి పరుగు. చివరి రెండింటికీ బాపట్ల దాకా వెళ్లొచ్చాం. నాలుగో గేరులో 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ నేను పక్క సీట్లో నోట్‌బుక్కులో రాశాను. చల్లటి ఐడిల్ 45, చల్లటి పరుగు 60, వేడి ఐడిల్ 9, వేడి పరుగు 28.

చూశారా? పాత మీటరు 5 అన్నచోట నిజానికి 9 ఉంది. అంటే మీటరు కొంత అబద్ధం చెబుతోంది. కానీ వేడి పరుగులో 28 అంటే ఇంజన్‌లోనూ తేడా ఉంది. ‘మీటరే చెడింది, ఇంజన్ బంగారం’ అని ఇక్కడే ఆగిపోయి ఉంటే మునిగిపోయేవాళ్లం.

4. ఆయిల్, వాల్వు: పాత ఆయిల్ ఏ గ్రేడో పెదనాన్నకే గుర్తులేదు. తీసేసి 20డబ్ల్యూ-50 పోశాం. ఇందులో చివరి 50 అనేది వేడిలో చిక్కదనానికి గుర్తు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు ఉంటే, 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 లోపు ఉంటుంది. రిలీఫ్ వాల్వు విప్పి చూస్తే ప్లంజరు శుభ్రంగా జారుతోంది, స్ప్రింగు బాగుంది. వేడి ఐడిల్ 9 నుంచి 11కు వచ్చింది. పరుగులో పెద్దగా మార్పు లేదు. ఆయిల్ వాటా అంతే.

5. ఛాంబరు దించడం: ఇక మిగిలింది బేరింగులే. దించి బిగ్ ఎండ్ షెల్లు ఒకటి విప్పి నా చేతిలో పెట్టారు. బూడిద రంగులో మెరవాల్సిన పైపొర అరిగిపోయి, కింద రాగి రంగు తేలింది. ‘‘ఇదీ నీ సూది చెప్పింది’’ అన్నారు.

క్రాంకును మైక్రోమీటరుతో నాలుగు వైపులా కొలిచారు. అరుగుదల హద్దులోనే ఉంది. ఇంకొంత కాలం అలాగే తిప్పి ఉంటే షెల్లుతోపాటు క్రాంకు కూడా గీతలు పడి, లేత్ షెడ్డుకు పోవాల్సి వచ్చేదట. మెయిన్, బిగ్ ఎండ్ షెల్లులన్నీ అదే సైజువి కొత్తవి వేశారు. పంపు విప్పి కొలిచి మళ్లీ బిగించారు. కొత్త సెండరు పెట్టారు. మళ్లీ బాపట్ల వెళ్లొచ్చాం. వేడి ఐడిల్ 20, వేడి పరుగు 48.

మరి బోరు? సైలెన్సరులోంచి నీలిపొగ రావడం లేదు. ఆయిల్ తరచూ తగ్గడం లేదు. నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ దాదాపు సమానంగా ఉంది. బోరు, రింగులు అరిగితే కనిపించే గుర్తులు ఇవి. వాటికీ ఆయిల్ ప్రెషర్‌కూ నేరుగా సంబంధం లేదు. గ్యాలరీలో ప్రెషర్‌ను నిలబెట్టేవి బేరింగుల సందులు, సిలిండరు గోడలు కాదు. మొదట చెప్పిన ఖర్చులో మూడో వంతులో పని అయిపోయింది.

మొదటి మిస్త్రీని మోసగాడని నేననను. ఇంజన్ దించితే మొత్తం చేసేయడం ఆయనకు అలవాటైన పద్ధతి. చూసిన అంకె నుంచి నేరుగా తీర్పుకు దూకాడు. ఇంటర్వ్యూలో నేను చేసిందీ అచ్చంగా అదే. ఆయనకు యాభై వేల పని కనిపించింది, నాకు పంపు కనిపించింది. ఇద్దరం కొలవలేదు.

సూది భాష: కత్తిరించి దాచుకోండి

• చల్లగా ఎక్కువ, వేడెక్కాక తక్కువ, వేగం పెంచితే పెరుగుతుంది: ఆరోగ్యం. అంకెలు మాన్యువల్‌తో సరిచూడండి.

• చల్లగా బాగుంది, వేడెక్కాక ఐడిల్‌లోనూ పరుగులోనూ మరీ తక్కువ: బేరింగుల అరుగుదల, పల్చబడిన ఆయిల్, అరిగిన పంపు. ఆ వరుసలోనే అనుమానించనక్కర్లేదు, తేలికైన పరీక్ష ముందు చేయండి.

• చల్లగా ఉన్నా, వేగం పెంచినా తక్కువే: రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోవడం, జాలీ మూసుకుపోవడం, పంపు లేదా మీటరు లోపం.

• వేడెక్కినా సూది చాలా పైనే: రిలీఫ్ వాల్వు మూసుకుని ఇరుక్కుపోవడం, దారిలో అడ్డు, తగని చిక్కటి ఆయిల్. ‘ఎక్కువ ఉంటే మంచిదే’ అనుకోవద్దు.

• మలుపులో, బ్రేకు వేసినప్పుడు సూది ఊగడం: ఆయిల్ మట్టం తగ్గి పంపు గాలి పీల్చడం.

• నడుస్తుండగా ఒక్కసారిగా సున్నా: బండి పక్కకు తీసి ఇంజన్ వెంటనే ఆపేయండి. మీటరు తప్పో, ఇంజన్ తప్పో ఆపాకే తేల్చుకోండి.

మీ ఇంట్లో కారుకు మీటరు లేదా? ఎర్రదీపం ఉంటుంది. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకముందు అది వెలగాలి. వెలగకపోతే బల్బో, వైరో పోయింది, ప్రమాదం వచ్చినా చెప్పదు. స్టార్ట్ కాగానే ఆరిపోవాలి. సాధారణంగా ప్రెషర్ 5 నుంచి 10 పీఎస్‌ఐ లోపుకు పడిపోతేనే ఈ దీపం వెలుగుతుంది. కాబట్టి దీపం ఆరింది అంటే ‘అంతా బాగుంది’ అని కాదు, ‘మరీ సున్నా కాదు’ అని మాత్రమే. రోడ్డు మీద వెలిగితే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఉద్యోగానికి ఇదెలా పనికొస్తుంది?

మీలో కొందరికి ఈపాటికి అనుమానం వచ్చి ఉంటుంది. ‘అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, ఇప్పుడిది నేర్చుకుని ఏం చేయాలి?’ అని. న్యాయమైన ప్రశ్న.

పాత కార్ల పునరుద్ధరణ ఒక్కటే నమ్ముకుని ఉద్యోగాలు వెతుక్కోమని నేను చెప్పను. ఆ రంగం చిన్నది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బళ్లకు ‘వీఏ’ అక్షరాలతో నంబరు ఇస్తారు. మా పెదనాన్న బండికి ఆ యోగం పట్టాలంటే 2033 రావాలి. చేతిలో పనితనం ఉన్నవాళ్లకు ఇది పక్క ఆదాయం కావచ్చు. అంతకుమించి ఊహించుకోవద్దు.

కానీ ఆయిల్ ప్రెషర్ పాత కార్ల సొత్తు కాదు. రేపల్లె, నిజాంపట్నం వైపు వెళ్లి చూడండి. చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద కరెంటు పోతే ఏరేటర్లు తిప్పే జనరేటర్లు ఉంటాయి. నిజాంపట్నం హార్బరులో బోట్ల ఇంజన్లు ఉంటాయి. పొలాల్లో ట్రాక్టర్లు ఉంటాయి. ఆసుపత్రుల్లో, టవర్ల కింద డీజిల్ జనరేటర్లు ఉంటాయి. అన్నింటిలోనూ అదే ఆయిల్, అవే బేరింగులు, అదే లెక్క. రాత్రిపూట రొయ్యల చెరువులో జనరేటరు ‘లో ఆయిల్ ప్రెషర్’ అని ఆగిపోతే, సెన్సారు తప్పా, ఇంజన్ తప్పా అని త్వరగా తేల్చగల మనిషి విలువ ఆ రైతునడిగితే తెలుస్తుంది.

చదువుకు తగ్గ దారులు ఇవి. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల ట్రేడు, మెకానిక్ డీజిల్ ఏడాది ట్రేడు. డిప్లొమా, బీటెక్ పూర్తిచేసినవాళ్లకు నాట్స్ పథకం కింద స్టైపెండుతో అప్రెంటిస్‌షిప్. ఐటీఐ వాళ్లకు న్యాప్స్. చదువుతూనే అనుభవం కావాలంటే ఎస్‌ఏఈ ఇండియా నిర్వహించే బాహా పోటీలో మీ కాలేజీ జట్టు ఉందేమో కనుక్కోండి. మన రాష్ట్రంలోనే పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు ప్లాంట్లున్నాయి. ఇంజన్ టెస్టింగ్, సర్వీస్ డయాగ్నస్టిక్స్, మెషీన్ల కండిషన్ మానిటరింగ్ లాంటి విభాగాల్లో రోజువారీ పని ఒక్కటే: సెన్సారు ఒక అంకె చూపిస్తుంది, అది నమ్మాలా వద్దా అని మీరు చెప్పాలి.

ఇంటర్వ్యూలో ఇలా మాట్లాడండి

ఆ కారు బాగైన మూడు నెలలకు ఇంకో ఇంటర్వ్యూకు వెళ్లా. ఈసారి అడిగింది కారు గురించి కాదు. ‘‘కంప్రెసరు బేరింగు దగ్గర టెంపరేచరు 85 డిగ్రీలు చూపిస్తోంది. ఏం చేస్తారు?’’ నోటిదాకా వచ్చిన జవాబును మింగేశా. ‘‘సార్, మామూలుగా అక్కడ ఎంత ఉంటుంది? లోడు ఎంత ఉంది? నిన్న ఇదే సమయానికి ఎంత చూపించింది? ఇంకో థర్మామీటరుతో సరిచూశారా?’’ అని అడిగా. ఆయన కుర్చీలో ముందుకు వంగారు. ఆ తర్వాత అరగంట మేమిద్దరం కబుర్లు చెప్పుకున్నట్టే సాగింది. ఆ ఉద్యోగం వచ్చింది.

మీరు గుర్తుంచుకోవాల్సిన వరుస: అంకె ఏ పరిస్థితిలో తీసింది? ఎంత ఉండాలి? కొలిచిన పరికరం నమ్మదగిందేనా? తక్కువ ఖర్చుతో తేల్చే పరీక్ష ఏది? ఈ నాలుగూ అయ్యాకే ‘ఇది మార్చాలి’ అనే మాట. ఎదుటివాళ్లు అన్నీ చెప్పకుండా ప్రశ్న అడిగారంటే, చాలాసార్లు మీరు అడుగుతారో లేదో చూడటానికే.

అలాగని ప్రశ్నలతో కాలక్షేపం చేయొద్దు. వివరాలు చెప్పాక సూటిగా తేల్చండి. ‘‘వేడి ఐడిల్‌లో 12 అయితే ఈ ఇంజన్‌కు పరిధిలోనే ఉంది, నడపొచ్చు. వేడి పరుగులో 12 అయితే వెంటనే ఆపి, ముందు మట్టం చూసి, మెకానికల్ గేజీతో సరిచూస్తా’’ అని. ప్రశ్న, కారణం, నిర్ణయం మూడూ వినపడాలి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న కారు, ట్రాక్టరు, ఏదైనా సరే, యజమానిని అడిగి డిప్‌స్టిక్ తీసి చూడండి. తాళం తిప్పి ఎర్రదీపం వెలిగి ఆరుతోందా గమనించండి. మీటరుంటే చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి రాసుకోండి. ఆ కాగితం మీ రెజ్యూమెలో కనిపించదు కానీ, ఇంటర్వ్యూలో మీ మాటలో కనిపిస్తుంది.

పెదనాన్న ఇప్పటికీ బండి తీసిన రోజల్లా ఫోన్ చేస్తాడు. ఇంతకుముందు ‘‘సూది 18 మీద ఉందిరా, ఫరవాలేదా?’’ అనేవాడు. ఇప్పుడు అలా అడగడు. ‘‘బాపట్ల వెళ్లొచ్చానురా, బాగా వేడిమీదుంది, ఐడిల్‌లో 18’’ అంటాడు. నాకిక అడగడానికేమీ మిగలదు.